రావల్పిండి గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది దర్యాప్తు?

2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో కావలికి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖకు చెందిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న స్థానిక ముస్లిం యువకుడు, గుర్రం నడుపుకుని బతికేవాడు, అతనూ ఉన్నాడు. రెండు వారాలు తిరిగేసరికి సరిహద్దు కాల్పుల్లో శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్లితండాకు చెందిన జవాను మురళీ నాయక్ నేలకొరిగాడు.

కొనకనమిట్ల నుంచో, పొదిలి నుంచో, గిద్దలూరు నుంచో చూస్తే కశ్మీర్ చాలా దూరం. కానీ కావలి దూరం కాదు కదా. దిల్‌సుఖ్‌నగర్ అసలే దూరం కాదు. మన పల్లెల్లో వాన రాక, బోరు పడక పిల్లల్ని చదువుకని, కోచింగ్‌కని, పనికని పంపేది హైదరాబాద్‌కు, బెంగళూరుకే. బాంబు పేలిన ప్రతిసారీ ఇక్కడి ఇళ్లలో ముందు మోగేది ఫోను: "ఎక్కడున్నావురా, బాగున్నావా?"

ఆ ఫోను అయ్యాక అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. చేసింది ఎవరు? చేయించింది ఎవరు? టీవీల్లో అయితే పావుగంటలో జవాబు వచ్చేస్తుంది: రావల్పిండి. అంటే పాకిస్తాన్ సైనిక ప్రధాన కార్యాలయం, జీహెచ్‌క్యూ. ఆ జవాబు ఎంతవరకు నిజం, దానికి ఆధారాలేమిటి, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది? ఆవేశం కాస్త పక్కన పెట్టి చూద్దాం.

ఆఫీసు కాదు, అధికారం

ఏ దేశానికైనా సైనిక ప్రధాన కార్యాలయం ఉంటుంది. మనకు ఢిల్లీలో ఉంది. అక్కడి నుంచి యుద్ధ ప్రణాళికలు, పోస్టింగులు, సరఫరాలు నడుస్తాయి. కానీ యుద్ధం చేయాలా వద్దా అన్నది ఎన్నికైన ప్రభుత్వమే తేలుస్తుంది. సైన్యాధిపతి రిటైర్ అయ్యాక ఇంటికి పోతాడు.

పాకిస్తాన్‌లో లెక్క వేరు. బ్రిటిష్ కాలంలో నార్తర్న్ కమాండ్ ఉన్న రావల్పిండిలోనే 1947లో జీహెచ్‌క్యూ ఏర్పడింది. 1958లో అయూబ్ ఖాన్, 1969లో యాహ్యా ఖాన్, 1977లో జియావుల్ హక్, 1999లో పర్వేజ్ ముషారఫ్ గద్దెనెక్కారు. నలుగురూ సైన్యాధిపతులే. మిగతా కాలంలో ప్రధానమంత్రి కుర్చీలో ఎవరున్నా కశ్మీర్, అఫ్గానిస్తాన్, అణ్వాయుధాల విషయంలో కోర్ కమాండర్ల మాటే చెల్లుతూ వచ్చింది.

1948లో పుట్టిన ఐఎస్ఐ కాగితం మీద ప్రధానమంత్రికి జవాబుదారీ. నడిచేది మాత్రం సైన్యాధిపతి కనుసన్నల్లో. 2008 జులైలో ప్రధాని యూసఫ్ రజా గిలానీ ప్రభుత్వం ఐఎస్ఐని హోం శాఖ కిందికి తెస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గంటల్లోనే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది నవంబరులో ముంబయి దాడి జరిగాక ఐఎస్ఐ అధిపతిని భారత్‌కు పంపుతామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. వెంటనే ఆ మాటా మారిపోయింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో కాదు, తాళం చెవి ఎవరి నడుముకు ఉందో చూడాలంటారు మన పెద్దలు.

ఇప్పుడైతే ఆ కాగితం తేడా కూడా చెరిగిపోతోంది. 2025 మే 20న అసీం మునీర్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. అయూబ్ ఖాన్ తర్వాత ఆ హోదా ఇంకొకరికి రావడం అదే. ఆ నవంబరులో 27వ రాజ్యాంగ సవరణ వచ్చింది. మూడు దళాల మీద పెత్తనం ఒకరికి అప్పగించేలా రక్షణ దళాల అధిపతి పదవి పుట్టింది. ఫీల్డ్ మార్షల్‌కు జీవితాంతం క్రిమినల్ విచారణ నుంచి రక్షణ దొరికింది. ప్రశ్నించలేని చోటుకు అధికారం చేరితే ఏమవుతుందో ఆ దేశ ప్రజలే ముందు అనుభవిస్తారు. తర్వాత పొరుగువాళ్లు.

పాత పద్ధతి: యూనిఫాం విప్పి పంపడం

జీహెచ్‌క్యూ మీద మన దేశం చేసే ప్రధాన ఆరోపణ ఇది: యూనిఫాం లేని మనుషులను పంపి, దొరికితే మావాళ్లు కాదనడం. దీనికి మొదటి సాక్ష్యం మన దేశం నుంచి కాదు, పాక్ సైన్యం నుంచే వచ్చింది. 1947లో కశ్మీర్ మీదికి గిరిజన దళాలు దూసుకొచ్చినప్పుడు అక్బర్ ఖాన్ అనే అధికారి జీహెచ్‌క్యూలో ఆయుధాల విభాగం డైరెక్టర్. పోలీసుల కోసమని మంజూరైన 4,000 రైఫిళ్లను ఎలా మళ్లించాడో ఆయనే తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. అప్పటి పాక్ సైన్యాధిపతి బ్రిటిష్ అధికారి.

1965 ఆగస్టులో ఆపరేషన్ జిబ్రాల్టర్. మామూలు దుస్తుల్లో చొరబాటుదారులను పంపితే కశ్మీరీలు తిరగబడతారని లెక్క వేశారు. కశ్మీరీలు తిరగబడలేదు సరికదా, చొరబాటు సమాచారం మన సైన్యానికి చేరవేసిందే స్థానికులు.

1999లో కార్గిల్. కొండలెక్కింది ముజాహిదీన్‌లని ఇస్లామాబాద్ చెప్పింది. బీజింగ్‌లో ఉన్న ముషారఫ్‌కూ, రావల్పిండిలో ఉన్న జనరల్ అజీజ్ ఖాన్‌కూ మధ్య జరిగిన ఫోను సంభాషణను భారత్ ఆ జూన్‌లో బయటపెట్టింది. ఆ కొండలెక్కింది సైనికులేనని తర్వాత తర్వాత పాకిస్తాన్‌లోనే ఒప్పుకున్నారు.

ఈ మూడూ చరిత్ర. వీటిలో జీహెచ్‌క్యూ పాత్ర గురించి పెద్దగా వాదన లేదు. వాదన ఉన్నది ఆ తర్వాతి దాడుల గురించి.

ముంబయి: సాక్ష్యం ఎక్కడిదాకా వెళ్లింది?

2008 నవంబరు 26న ముంబయిలో 166 మంది బలయ్యారు. ఈ కేసులో సాక్ష్యం ఒక్క కసబ్ వాంగ్మూలం కాదు. దాడికి ముందు ముంబయి అంతా రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. లష్కరే తోయిబాతో పాటు ఐఎస్ఐకి చెందిన మేజర్ ఇక్బాల్ అనే వ్యక్తి తనను నడిపించాడని 2011లో షికాగో కోర్టులో చెప్పాడు. మన ఎన్ఐఏ 2011లో వేసిన చార్జిషీటులో మేజర్ ఇక్బాల్, మేజర్ సమీర్ అలీ అనే రెండు పేర్లు ఉన్నాయి.

పాకిస్తాన్ లోపలి నుంచి కూడా సాక్ష్యం వచ్చింది. అక్కడి ఎఫ్ఐఏకు అధిపతిగా పనిచేసిన తారిక్ ఖోసా 2015లో డాన్ పత్రికలో వ్యాసం రాశారు. దాడి చేసినవాళ్లకు సింధ్‌లోని థట్టా దగ్గర శిక్షణ ఇచ్చారని, కరాచీలోని గది నుంచి నడిపించారని రాశారు. 2018లో నవాజ్ షరీఫ్ సరిహద్దు దాటించి ముంబయిలో మనుషులను చంపనివ్వాలా అని ఒక ఇంటర్వ్యూలో అడిగేశారు. ఆయన మూడుసార్లు ప్రధాని. అయినా ఆ మాట అన్నందుకు దేశద్రోహి అనిపించుకున్నారు. ముంబయి కేసు చూస్తున్న పాక్ ప్రాసిక్యూటర్ చౌధరీ జుల్ఫికర్‌ను 2013 మేలో ఇస్లామాబాద్‌లో కాల్చి చంపారు.

అయితే ఇక్కడే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఐఎస్ఐ పై స్థాయి పెద్దలకు ఈ కుట్ర తెలుసునని తాను అనుకోవడం లేదని అదే హెడ్లీ అన్నాడు. అంటే సాక్ష్యం మేజర్ల దాకా వెళ్లింది. జనరల్ గది తలుపు దాకా పోయి ఆగింది. ఆ తలుపు తెరవాల్సింది పాకిస్తాన్ న్యాయవ్యవస్థ. తెరవలేదు. తెరవకపోవడమే ఒక రకంగా జవాబు, కానీ కోర్టులో నిలబడే జవాబు కాదు.

పహల్గాం: తెలిసింది, తేలాల్సింది

ఇక పహల్గాం. దాడికి ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 16న, ఇస్లామాబాద్‌లో ప్రవాస పాకిస్తానీల సభలో మునీర్ మాట్లాడారు. కశ్మీర్ మా కంఠనాళం అన్నారు. హిందువులు, ముస్లింలు రెండు వేరు జాతులన్న పాత సిద్ధాంతాన్ని మళ్లీ తవ్వి తీశారు. బైసరన్‌లో మతం అడిగి మరీ చంపారు. ఉపన్యాసం ఆదేశం కాదు, నిజమే. కానీ ఇంత పెద్ద పదవిలో ఉన్నవాడి నోటి మాట కింద తుపాకీ పట్టుకున్నవాడికి ఎలా వినబడుతుందో ఆయనకు తెలియనిది కాదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన నాటికి ఐఎస్ఐ అధిపతి కూడా ఆయనే.

దాడి చేశామని మొదట ది రెసిస్టెన్స్ ఫ్రంట్ అనే సంస్థ ప్రకటించి, తర్వాత కాదంది. అది లష్కర్‌కు ముసుగని భారత్ చెప్పింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ప్రకటనలో ఆ సంస్థ పేరు లేకుండా చేశామని పాక్ విదేశాంగ మంత్రి ఇషాక్ దార్ తమ పార్లమెంటులోనే చెప్పుకున్నారు. ఏ సంబంధం లేని సంస్థ పేరు కొట్టేయించడానికి ఒక దేశం అంత కష్టపడాలా? జులైలో అమెరికా ఆ సంస్థను ఉగ్రవాద జాబితాలో చేర్చింది. జులై 28న శ్రీనగర్ శివార్ల అడవిలో ముగ్గురు హతమయ్యారు, పహల్గాంలో కాల్చింది వాళ్లేనని హోం మంత్రి పార్లమెంటుకు చెప్పారు. డిసెంబరులో ఎన్ఐఏ చార్జిషీటు వేసింది. అందులో లష్కర్ ఉంది, దాని ముసుగు సంస్థ ఉంది, పాకిస్తాన్‌లో కూర్చున్న హ్యాండ్లర్ ఉన్నాడు. జీహెచ్‌క్యూ అధికారి ఎవరూ నిందితుడిగా లేరు.

అంటే మూడు మెట్లున్నాయి. తుపాకీ పేల్చినవాడు ఒక మెట్టు. పంపిన సంస్థ రెండో మెట్టు. ఆ సంస్థకు దశాబ్దాలుగా స్థలం, డబ్బు, రక్షణ ఇచ్చిన వ్యవస్థ మూడోది. మొదటి రెండింటికి సాక్ష్యం ఉంది. మూడో మెట్టులో సంస్థలను పెంచి పోషించిందన్న దానికి చరిత్రంతా సాక్ష్యమే. ఫలానా రోజు ఫలానా దాడికి ఆదేశమిచ్చింది ఫలానా జనరల్ అనడానికి మాత్రం వేరే రుజువు కావాలి. ఈ రెండూ ఒకటి కావు. ఒకటిగా కలిపేస్తే లాభపడేది రావల్పిండే. "రుజువు ఏది?" అని ఎదురు ప్రశ్న వేసి, మొదటి నేరం నుంచి కూడా తప్పించుకుంటుంది.

యుద్ధంతో సమానం అన్నాక

మే 7న ఆపరేషన్ సిందూర్ పేరుతో మురీద్కే, బహావల్‌పూర్ సహా 9 చోట్ల మన దళాలు దాడి చేశాయి. మురీద్కే లష్కర్ కేంద్రం, బహావల్‌పూర్ జైషే మహ్మద్ కేంద్రం. మురీద్కేలో చనిపోయినవాళ్ల అంత్యక్రియల్లో పాక్ సైనికాధికారులు నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా చూసింది. ప్రార్థన నడిపించింది అమెరికా ఆంక్షల జాబితాలోని వ్యక్తి అని భారత్ అంటే, కాదు, మామూలు మనిషని పాక్ సైన్యం అంది. మే 10న పాక్ డీజీఎంఓ మన డీజీఎంఓకు ఫోను చేశాక కాల్పులు ఆగాయి. గమనించారా? యుద్ధం ఆపే ఫోను కూడా రావల్పిండి నుంచే వచ్చింది.

ఇకపై ఉగ్రదాడి జరిగితే యుద్ధ చర్యగానే చూస్తామని ఆ సమయంలోనే మన ప్రభుత్వం చెప్పింది. గట్టి మాట. కానీ ఆ మాటతో బాధ్యత కూడా పెరిగింది. రెండు అణ్వాయుధ దేశాల మధ్య యుద్ధం మొదలవ్వాలా వద్దా అన్నది ఇప్పుడు ఒక దర్యాప్తు నివేదిక మీద ఆధారపడింది. నవంబరు 10న ఎర్రకోట దగ్గర కారు పేలినప్పుడు కేంద్ర కేబినెట్ దాన్ని ఉగ్రదాడి అంది, తీర్మానంలో పాకిస్తాన్ పేరు పెట్టలేదు. తొందరపడకపోవడం చేతకానితనం కాదు. సరిహద్దు పల్లెలో ఇల్లు ఉన్నవాడికి, కొడుకును సైన్యానికి పంపిన కళ్లితండా తల్లికి ఆ తేడా తెలుసు.

హైదరాబాద్ చెప్పిన పాఠం

తొందరపడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. వెంటనే సరిహద్దు అవతలి సంస్థల పేర్లు వినిపించాయి. పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కేసులు కోర్టులో నిలబడలేదు. రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇచ్చింది, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టేసింది. దర్యాప్తు మరో దిక్కుకు తిరిగి హిందుత్వ బృందాల మీదికి వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. చివరికి ఆ ప్రాణాలకు జవాబు చెప్పినవాడు లేడు.

అదే 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మంది. ఆ కేసుల్లో ఇండియన్ ముజాహిదీన్ మనుషులకు శిక్షలు పడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురి ఉరిశిక్షను 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. ఇంకా దొరకని ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ పాకిస్తాన్‌లో ఉన్నాడన్నది దర్యాప్తు సంస్థల మాట. ఇక్కడ దర్యాప్తు ఓపికగా నడిచింది, మనుషులు దొరికారు, కోర్టు నమ్మింది.

ఒకే ఊరు, రెండు రకాల దర్యాప్తులు. మొదటి దాంట్లో పేరు ముందే పెట్టి మనుషుల్ని వెతికారు. రెండో దాంట్లో సాక్ష్యం పట్టుకుని మనుషుల దాకా వెళ్లారు. రావల్పిండి మీద కేసు గెలవాలంటే ఏ దారి కావాలో వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. 2025 మేలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన హిందూ కుటుంబం పెట్టుకున్న బేకరీ అది. పాకిస్తాన్ సృష్టి వల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బోర్డు మీద పాకిస్తాన్ కోపం తీర్చుకున్నారు! కశ్మీరీ విద్యార్థులను హాస్టళ్లలో బెదిరించినవాళ్లు, ముస్లింల మీద కక్ష వద్దన్న ఒక మృతుడి భార్యను తిట్టిపోసినవాళ్లు చేసింది కూడా ఇదే. రెండు మతాలు కలిసి బతకలేవన్నది మునీర్ ఉపన్యాసం. పీర్ల పండగకు ఊరంతా గుండం చుట్టూ చేరే మన పల్లెలు ఆ ఉపన్యాసానికి ఎప్పుడో జవాబు చెప్పాయి. దాన్ని చెడగొట్టుకుంటే జీహెచ్‌క్యూకు ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది.

పెంచిన పాము

ఆ విధానం పాకిస్తాన్‌కు ఏం మిగిల్చింది? 2009 అక్టోబరు 10న పాకిస్తానీ తాలిబాన్ ముష్కరులు సైనిక దుస్తుల్లో వచ్చి రావల్పిండి జీహెచ్‌క్యూ మీదే దాడి చేసి మనుషులను బందీలుగా పట్టుకున్నారు. 2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ స్కూల్లో 130 మందికి పైగా పిల్లల్ని చంపారు. మంచి ఉగ్రవాదులు, చెడ్డ ఉగ్రవాదులు అని వేరు చేసుకుంటూ పోతే చివరికి ఎవరి పిల్లలు పోతారో ఆ రోజు తేలింది. అక్కడి సామాన్యుడు కూడా ఈ ఆటలో బాధితుడే. అందుకే మన గొడవ ఆ వ్యవస్థతో, ఆ ప్రజలతో కాదు.

నల్లమల చుట్టూ ఉన్న మనకు తుపాకీ సంగతి కొత్త కాదు. 2004 అక్టోబరులో చర్చల కోసం మావోయిస్టు నేతలు అడవి దాటి చిన్న ఆరుట్లకు వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఊపిరి బిగబట్టి చూసింది. ఆ చర్చలు నిలవలేదు. అయినా అక్కడ ఎదురెదురుగా కూర్చున్నది ఈ దేశపు మనుషులే. ఇది అలాంటిది కాదు. ఇక్కడ తుపాకీ వెనక ఒక దేశపు ఖజానా, ఒక సైన్యపు మౌనం ఉన్నాయి. కాబట్టి ఒత్తిడి కూడా ఆ ఖజానా మీదే పడాలి.

మనం అడగాల్సినవి

2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు పాకిస్తాన్‌ను ఎఫ్ఏటీఎఫ్ గ్రే లిస్టులో పెట్టారు. ఆ కాలంలోనే హాఫిజ్ సయీద్‌కు, సాజిద్ మీర్‌కు ఉగ్రవాద నిధుల కేసుల్లో అక్కడి కోర్టులు జైలుశిక్షలు వేశాయి. అంటే డబ్బు దగ్గర పట్టు బిగిస్తే కొంతైనా కదలిక వస్తుందని రుజువైంది. పహల్గాం తర్వాత విదేశాలకు వెళ్లిన అఖిలపక్ష బృందంలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగింది కూడా అదే: మళ్లీ గ్రే లిస్టులో పెట్టండి. కానీ సరిగ్గా కాల్పులు నడుస్తున్న మే 9న ఐఎంఎఫ్ పాకిస్తాన్‌కు సుమారు 100 కోట్ల డాలర్ల వాయిదా విడుదల చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. మన దౌత్యం ఎక్కడ బలహీనంగా ఉందో ఇది చెప్పడం లేదా?

మన ఇంటి లెక్క కూడా అడగాలి. అంతమంది పర్యాటకులు వెళ్లే బైసరన్‌లో ఆ రోజు కాపలా ఎందుకు లేదు? భద్రతా వైఫల్యం జరిగిందని, బాధ్యత తనదేనని జమ్మూకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జులైలో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. ఆ తర్వాత ఏం మారిందో పార్లమెంటు ముందు పెట్టాలి. రావల్పిండిని జవాబు అడిగే హక్కు మనకు ఎక్కడి నుంచి వస్తుంది? మన దగ్గర అధికారులు జవాబు చెబుతారు, మన దగ్గర సైన్యం ప్రజా ప్రభుత్వం మాట వింటుంది, మన దగ్గర కోర్టు సాక్ష్యం అడుగుతుంది. ఆ తేడా ఉన్నంతకాలమే మన వాదనకు బలం.

జీహెచ్‌క్యూ మీద కేసు బలమైనదే. కావలిలో, విశాఖలో, కళ్లితండాలో ఖాళీ అయిన ఇళ్లకు ఆ కేసు గెలవడం కావాలి. టీవీలో గెలిస్తే చాలదు.